రొట్టె తిన్నవాళ్ళు, దోసె తిన్నవాళ్ళు

కర్నూలు,
6-6-1954.

అక్క హులిగెమ్మకు తమ్ముడు దేవేంద్రప్ప దండం పెట్టి రాస్తున్న సంగతులు.

నేను, నీ మరదలు గిడ్డమ్మ బాగున్నాం. బావ, ఎద్దులు, గానుగ అన్నీ చల్లగా ఉన్నాయని తలుస్తాను. నువ్వు కోడుమూరు నుంచి వచ్చి మమ్మల్ని చూసిపోయి ఏడాది దాటింది. ఇప్పుడొస్తే మా వీధిని గుర్తుపట్టలేవు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచీ ఎటు చూసినా గుడారాలే. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాల కాపురాలు గుడారాల్లో. అందరూ గుంటూరు, గోదావరి వైపు వాళ్ళు. ఎండకు మలమల మాడిపోతూ మన ఊరిని తిట్టుకుంటూ తిరుగుతుంటారు.

మా రొట్టెలంగడి నీకు తెలిసిందే. గిడ్డమ్మ జొన్నరొట్టెలు తట్టడం, నేను పుల్లటి పుండుకూర పప్పు, ఊరిబిండి పచ్చడి పెట్టి బండ్లవాళ్ళకు అమ్మడం. ఈ గుమాస్తాలు వచ్చి రొట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఒకాయన, "ఇది తినేదా, కప్పుకునేదా?" అన్నాడు. పక్కవాళ్ళంతా నవ్వారు. వాళ్ళకు దోసె కావాలి, పెసరట్టు కావాలి, పూరీ కావాలి. గిడ్డమ్మకు ఇవేవీ రావు. మొన్న బియ్యప్పిండిలో వేడినీళ్ళు పోసి కలిపి దోసె అని పెనం మీద పోసింది. గోడలకంటించే కాగితాల జిగురులా అతుక్కుపోయింది. పాపం, ఆ రోజంతా పెనం గీకుతూ కూర్చుంది.

పెళ్ళికి ముందు నువ్వు ఆదోనిలో వకీలుగారింట్లో రెండేళ్ళు వంట చేశావు కదా. ఏది ఎట్లా చేయాలో, దేనికీ దేనికీ తేడా ఏమిటో విడమరిచి రాయి. గిడ్డమ్మకు చదివి వినిపిస్తాను. ఇంకొక మాట. దోసెలంటే నూనె కావాలి. బావ గానుగ ఉండగా బయట కొనడమెందుకు? రెండు డబ్బాలు బస్సు మీద వేయించమను.

నీ తమ్ముడు,
దేవేంద్రప్ప.

* * *

కోడుమూరు,
12-6-1954.

తమ్ముడు దేవేంద్రకు, మరదలు గిడ్డమ్మకు, మీరు పచ్చగా ఉండాలని కోరుతూ అక్క హులిగెమ్మ.

నీ జాబు చదివి నవ్వలేక చచ్చాను. గిడ్డమ్మను ఏమీ అనొద్దు. ఆమె చేతికి తెలిసిన పిండి ఒకటే. చదివి వినిపించు.

గిడ్డమ్మా, జొన్నపిండికి సాగే గుణం లేదు. అందుకే మనం మరిగే నీళ్ళు పోసి పిసికి, చేత్తో తడతాం. కర్రతో ఒత్తితే పగులుతుంది. గోధుమపిండి అట్లా కాదు, సాగుతుంది. చన్నీళ్ళతో కలిపి నాననిచ్చి కర్రతో ఒత్తితే చపాతి. మీ పక్కింటి గుల్షన్ బీ దాన్నే పెనం దించి నిప్పుల మీద పొంగిస్తుంది చూడు, అది పుల్కా. ఒత్తినదానికి నూనె పూసి, మడిచి, మళ్ళీ ఒత్తితే పొరలు పొరలుగా పరోటా. అదే పిండిని గట్టిగా కలిపి, చిన్నగా ఒత్తి, కాగే నూనెలో వేస్తే పూరీ. ఇవన్నీ ముద్దలు. దోసె జారు. బియ్యం, ఉద్దిబేడలు నానేసి, రుబ్బి, రాత్రంతా పులియనివ్వాలి. పెనానికి నూనె పూసి పలచగా తిప్పితే దోసె. అదే పిండిని మందంగా పోసి ఉల్లిగడ్డలు చల్లితే ఊతప్పం. పెసరట్టు చూడ్డానికి దోసెలాగే ఉంటుంది గానీ పులిసే పని లేదు. పెసలు నానేసి పొద్దున రుబ్బి అప్పటికప్పుడే పోయడం. అల్లం మరువొద్దు.

మీ బావ ఈ బస్సులో రెండు డబ్బాలు వేయించాడు. వచ్చే నెల నుంచి కష్టమంటున్నాడు. చెనిక్కాయలు అయిపోతున్నాయి, కొత్త పంట రావడానికి ఇంకా ఐదు నెలలు. ఈడ వాన చుక్క లేదు. చేలన్నీ బీళ్ళే, ముళ్ళచెట్లు తప్ప ఏమీ మొలవలేదు. ఇంటెనక ఈరక్క ఆవును సంతకు తోలింది. ఆ ఆవు వెనక్కి తిరిగి తిరిగి చూస్తా పోతే నాకు రెండు రోజులు అన్నం దిగలేదు.

మీ అక్క,
హులిగెమ్మ.

* * *

కర్నూలు,
11-7-1954.

అక్కకు దండాలు.

నీ జాబు మాకు వేదమైంది. పొద్దున పెసరట్టు, పదింటికి దోసె, సాయంత్రం పూరీ. గుడారాల నుంచి వరుసకట్టి వస్తున్నారు. "కప్పుకునేదా" అన్న గుమాస్తా ఇప్పుడు రెండు పూటలా మా దగ్గరే. మూటలు మోసే ఏసన్న మాత్రం మారలేదు. "నాకు ఆ జారుడు కూడు వద్దప్పా, రొట్టె లేకుంటే చెప్పు, ఇంగోతావుకు పోతా" అంటాడు. అతని కోసం, నా కోసం, బండ్లవాళ్ళ కోసం గిడ్డమ్మ రోజూ కొన్ని రొట్టెలు తడుతూనే ఉంది.

బావ రెండోసారి పంపిన రెండు డబ్బాలూ పది రోజుల కిందటే అందాయి. ఈసారి నూనె కొంచెం ముదురు రంగుగా ఉంది. కాగేటప్పుడు కళ్ళు మండుతున్నాయి. గానుగకు కొత్త రోకలి వేశారా?

గిడ్డమ్మకు రెండు మూడు రోజులుగా వాంతులు. పొద్దున లేస్తే కాళ్ళు పొంగి ఉంటున్నాయి. పొద్దస్తమానం పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది కదా, అందుకేనేమో. పని తగ్గించమంటే వినదు.

దేవేంద్రప్ప.

* * *

కోడుమూరు,
15-7-1954.

నా బంగారు తమ్ముడికి, నా తల్లి గిడ్డమ్మకు.

ఒరే, నీకు మతి ఉందా? పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నీ భార్య వాంతులు చేసుకుంటుంటే, కాళ్ళు పొంగుతుంటే, పొయ్యి దగ్గర నిలబడినందుకు అంటావా? గిడ్డమ్మను అడుగు, స్నానం ఎప్పుడు చేసిందో. నీ జాబు పట్టుకుని ఈరక్క దగ్గరికి పరుగెత్తాను. ఈరక్క కూడా అదే మాట అంది. "ఇంగ చూసుకో, నీ తమ్మునింట్లో తొట్టి ఊగుతాది" అంది.

ఇప్పుడు నోటికి ఏది హితవైతే అది పెట్టు. ఎండు రొట్టెలు పెట్టొద్దు, గొంతు దిగవు. నూనె బాగా పోసి మెత్తని దోసెలు వేసి పెట్టు. మా ఇంటి కుండలో నాలుగు సేర్లే ఉండడంతో, మీ బావ గానుగకాడ లేనప్పుడు కొట్టంలోని డబ్బా ఒకటి నేనే మూత బిగించి బస్సెక్కించాను. అది అంగడికి కాదు, గిడ్డమ్మకు. కాళ్ళకు మర్దనా చేయి, కూరల్లో పోయి. మేనత్తగా నేను పంపే మొదటి సారె అనుకో.

వినాయక చవితికి నేను వస్తాను.

హులిగెమ్మ.

* * *

కర్నూలు,
2-8-1954.

అక్కకు.

నీ జాబు చదివి వినిపించిన రోజు గిడ్డమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "వదిన చెప్తే అబద్ధం కాదు" అంది. ఆ రోజు నుంచి నువ్వు చెప్పినట్టే తింటోంది. నువ్వు పంపిన డబ్బా సగమైంది.

కానీ అక్కా, నాకెందుకో దిగులుగా ఉంది. వాపు మోకాళ్ళ దాకా వచ్చింది. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అట్లాగే ఉంటుంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. రాత్రి పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటోంది. కాళ్ళ మీద చర్మం ఎర్రగా కందినట్టుంది. ఆసుపత్రికి పోదామంటే, "డాక్టరు లేదంటే? రెండు నెలలు పోనీ, తెలుస్తాది కదా. నాకు భయమైతాండాది" అంటుంది. భయమెందుకని అడిగితే కొంగు ముఖం మీదికి లాక్కుంటుంది.

ఇంకొకటి. పూరీలకు వచ్చే గుమాస్తాలు ముగ్గురు చెప్పులు పట్టడం లేదని వట్టి కాళ్ళతో వస్తున్నారు. "కప్పుకునేదా" అన్న ఆ నవ్వించే ఆయన వారం నుంచి రావడం లేదు. గుడారానికి పోయి చూస్తే మంచం మీద కూర్చుని ఉన్నాడు, మాట్లాడ్డానికి ఊపిరి చాలడం లేదు. గుడారాల్లో నీళ్ళు మంచివి కావని అందరూ అంటున్నారు.

నీ తమ్ముడు.

* * *

కోడుమూరు,
6-8-1954.

దేవేంద్రకు అక్క ఆశీస్సులు.

నీళ్ళు కాదు నాయనా. ఈ ఎండల్లో రాత్రంతా పులిసిన పిండి తెల్లారేసరికి ఏమవుతుందో ఆలోచించావా? వకీలుగారింట్లో ఎండాకాలం దోసెలే పోసేవాళ్ళు కాదు. మిగిలిన పిండిని నువ్వు మర్నాటి పిండిలో కలుపుతున్నావేమో. మీ బావతో అంటే, "పులుపు ఎక్కువైతే ఒళ్ళు నీరు పడతాది. వానికి రానిపని పెట్టుకున్నాడు. రొట్టెలమ్ముకునేటోడు రొట్టెలమ్ముకుంటే సరిపోతుండె కదా" అన్నాడు. ఆయన మాట కఠినమే కానీ నాకూ అదే తోస్తోంది. రొట్టె తిని కాళ్ళు పొంగినవాణ్ణి నేను చూడలేదు. కొన్నాళ్ళు ఆ దోసెలు మానేయి. గిడ్డమ్మకు మాత్రం పులియనివి పెట్టు. పూరీలు పెట్టు. బలం కావాలి.

హులిగెమ్మ.

* * *

కర్నూలు,
11-8-1954.

అక్కకు.

బావ మాట అందింది. నేను రొట్టెలమ్ముకునేవాణ్ణే. రోజూ పొద్దున పిండి గిన్నెలు మూడుసార్లు కడిగి, మిగిలిన పిండి పారబోసేవాణ్ణి కూడా నేనే. మా అంగడి పెరగడం మీ ఇంట్లో ఎవరికి కంటగింపో నాకు తెలియదు. నీ చేతనే అన్నీ నేర్చుకున్నాం. ఇప్పుడు నీ చేతనే తప్పు పట్టించుకున్నాం.

ఇట్లాంటి సలహాలు మళ్ళీ రాయొద్దు.

దేవేంద్రప్ప.

* * *

కర్నూలు,
22-8-1954.

అక్కా,

కోపంలో రాసినదాన్ని మరిచిపో. ఇది జాగ్రత్తగా చదువు.

నాలుగు రోజుల కిందట గిడ్డమ్మకు ఊపిరాడకపోతే గుల్షన్ బీ జట్కా పిలిచి, నేనూ ఆమే కలిసి ఆసుపత్రిలో చేర్చాం. గర్భం లేదు. డాక్టరు ఆ మాట ఆమెకు ఎదురుగానే చెప్పాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఇప్పటికీ ఇటు తిరగలేదు.

అదే వార్డులో మా గుమాస్తాలు ఐదుగురు ఉన్నారు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి కూర్చోబెట్టాడు. "నువ్వు ఏమేం అమ్ముతావో, ఒక్కొక్కటి ఎట్లా చేస్తావో చెప్పు. ఒక్కటీ వదలొద్దు" అన్నాడు. నువ్వు రాసిన జాబును తలచుకుంటూ అన్నీ చెప్పాను. ఎవరు ఏది తిన్నారో ఆయన కాగితం మీద రాసుకున్నాడు. దోసె తిన్నవాళ్ళకు జబ్బు. పులిసిన పిండి వల్లనేమో అన్నాను. "పెసరట్టు పులియదన్నావు కదా? అది మాత్రమే తినే ఇద్దరు ఇక్కడ పడుకుని ఉన్నారు" అన్నాడు. పూరీ తిన్నవాళ్ళకు అందరికంటే ఎక్కువ. గోధుమపిండిలో ఉందేమో అన్నాను. అదే అంగట్లో అదే గోధుమలు తెచ్చి పుల్కాలు కాల్చుకునే గుల్షన్ బీ ఇంట్లో పిల్లాజెల్లా అందరూ బాగున్నారు. ఏసన్న మూటలు మోస్తున్నాడు. బండ్లవాళ్ళు బాగున్నారు. సద్దిరొట్టె తిని బతికే నేనూ బాగున్నాను. పొయ్యి దగ్గర నిలబడి అట్టు అట్టుకూ అంచు తుంచి రుచి చూసినది, రోజూ నూనె దోసెలు తిన్నది గిడ్డమ్మ ఒక్కతే.

"జబ్బు పిండిలో లేదయ్యా, నూనెలో ఉంది" అన్నాడు డాక్టరు.

నువ్వు పంపిన డబ్బా తీసుకుపోయాను. గాజు గొట్టంలో కొంచెం పోసి, ఏదో ఘాటైన ద్రావకం వేశాడు. అడుగున ఎర్రగా తిరిగింది. బీళ్ళలో పసుపుపచ్చ పూలు పూసే ముళ్ళచెట్టు ఉంది చూడు, బలురక్కసి. దాని గింజల నూనె కలిసిందట. ఆవగింజల్లాగే ఉంటాయట ఆ గింజలు.

బావకు ఎవరో మోసం చేసి అమ్మి ఉంటారు. గింజలు ఎక్కడ కొన్నాడో అడిగి వెంటనే రాయి. డబ్బాలన్నీ ఆపమను.

దేవేంద్ర.

* * *

కోడుమూరు,
26-8-1954.

తమ్ముడా,

నీ జాబు నిన్న అందింది. చదివి లేచి గానుగ దగ్గరికి పోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"బలురక్కసి గింజలు ఈడ ఆడినావా?" అని అడిగాను. ఎద్దును ఆపలేదు. "దీపాల నూనెకని ఆడినా. సంతలో మూటలు మూటలు తెచ్చి అమ్మిరి. చెనిక్కాయలు యాడుండాయి? గానుగ నిలబెట్టి ఏం తినల్ల?" అన్నాడు.

"చెనిక్కాయ నూనెలో కలిపినావా?"

"నాలుగో పాలు. నూనె నూనే కదా. ఎవరు చచ్చినారు?"

"నా తమ్ముని పెండ్లాం ఆసుపత్రిలో ఉండాది" అన్నాను. అప్పుడు ఎద్దును ఆపాడు.

నాకు ఒకటి గుర్తుకొచ్చింది, దేవేంద్రా. రెండు నెలల కిందట ఆయన ఇంటి వాడకానికని ఒక కుండ నిండా నూనె తెచ్చి, "డబ్బాల్లోది ముట్టొద్దు, దీన్నే వాడు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఇప్పుడు అడిగాను.

"వాసన నీకు పడదని" అన్నాడు.

"తెలిసే నా తమ్మునికి పంపినావా?"

"కలిపినవి రెండు డబ్బాలే నేను పంపితిని. మూడోది నువ్వే పంపితివి కదా. నన్ను అడిగినావా?" అన్నాడు.

ఇంట్లోకి వచ్చి ఈ జాబు రాస్తున్నాను. ఎవరో మోసం చేశారని నువ్వు అనుకోవద్దు. మోసం ఇంట్లోనే ఉంది. ఆ నూనె చుక్క మిగలకుండా పారబోయి. రేపో ఎల్లుండో బస్సు దొరికితే వస్తాను. గిడ్డమ్మకు నేను ఏం చెప్పాలో తెలియడం లేదు.

హులిగెమ్మ.

* * *

కర్నూలు,
1-9-1954.

అక్కా,

నువ్వు 27న వచ్చేసరికే గిడ్డమ్మను తీసుకుపోయారు. తెల్లవారుజామున గుండె ఆగిపోయింది. నువ్వు మూడు రోజులు ఉన్నావు. ఒక్క మాట మాట్లాడలేదు. నా ముఖం వైపు చూడలేదు. దుఃఖమనుకున్నాను. నువ్వు బస్సెక్కిపోయిన సాయంత్రం టపాలో నీ 26వ తేదీ జాబు వచ్చింది.

నేను చదివేశాననుకుని నువ్వు అట్లా కూర్చున్నావు. ఆమె మంచం వేసిన చోటే, ఆ గోడకు ఆనుకుని మనిద్దరం కూర్చున్నాం. నువ్వు ఏ క్షణాన నేను లేచి తిట్టిపోస్తానో అని కూర్చున్నావు. నేనేమో, అక్క అయినా నన్ను పట్టుకుని ఏడుస్తుందేమో అని చూస్తూ కూర్చున్నాను.

నిన్న ఒక అధికారి వచ్చాడు. నూనె ఎక్కడిదని అడిగాడు. గుమాస్తాల్లో ఇద్దరు పోయారు, ఆ నవ్వించే ఆయన కూడా. మండీలో రెండు మూడు కొట్ల నుంచి విడివిడిగా కొన్నాను, గుర్తు లేదు అని చెప్పాను. అతను నమ్మలేదు. రేపు మళ్ళీ వస్తానన్నాడు. నన్ను పట్టుకుపోతే పోనీ. నీ ఇల్లు నిలబడనీ. నాకు ఇక ఇల్లు అక్కర్లేదు.

నీ జాబు నా దగ్గరుంది. కాల్చేస్తాను.

దేవేంద్రప్ప.

* * *

కోడుమూరు,
24-9-1954.

తమ్ముడు దేవేంద్రకు.

ఆ జాబు కాల్చొద్దు. కాల్చి ఉంటే ఈ జాబును చూపించు. ఇందులోనూ రాస్తున్నాను. నూనె కోడుమూరులో నా మొగుడు బొజ్జన్న గానుగది. కలిపింది ఆయన. తెలిసే కలిపాడు. మూడో డబ్బా నా చేతులతో మూత బిగించి పంపింది నేను. ఎవరి ముందరైనా చెప్తాను.

నీ జాబు అందిన రోజే స్టేషనుకు పోయి ఇదే చెప్పాను. అక్కడి రైటరు, "ఇంటికి పోమ్మా, మొగునితో తగువాడినావా?" అన్నాడు. కదలకుండా కూర్చుంటే సాయంత్రానికి రాసుకున్నారు. మీ బావను కర్నూలుకు తీసుకుపోయారు. పోయేటప్పుడు ఎద్దులకు నీళ్ళు పెట్టమన్నాడు. పెట్టాను.

నువ్వు ఆయన పేరు దాచావు. నా కోసమే దాచావు. కానీ ఆ నూనె నీకొక్కడికే పోలేదు దేవేంద్రా. కలిపినవి మొత్తం తొమ్మిది డబ్బాలు. నీకు మూడు. కోడుమూరు అంగట్లో ఇద్దరికి రెండు. ఓర్వకల్లులో పెద్దన్న అనే రైతు ఇంట్లో మనవరాలికి పేరు పెట్టే పండగకు మూడు. పండగ మర్నాడే అని తెలిసి రెండు బస్సులు మారి పోయాను. బస్సు నీ వీధి ముందర నుంచే పోయింది. నీ అంగడి తలుపులు వేసి ఉన్నాయి. నేను దిగలేదు.

నేను పోయేసరికి ఓర్వకల్లులో పొయ్యి మీద బాణలి కాగుతోంది. వంద మందికి పూరీలు ఒత్తి చాపల మీద పరిచి ఉన్నారు. నూనె విషమని అరిచాను. పెద్దన్న భార్య నన్ను పిచ్చిదనుకుని చేయి పట్టి బయటికి లాగింది. "యాడిదానివి నువ్వు? శుభం జరిగే ఇంట్లో ఏం మాటలివి?" అంది. గానుగ బొజ్జన్న పెండ్లాన్నని చెప్పాను. నా మరదలు పోయింది, మొన్ననే మన్నులో కలిసింది, అని చెప్పాను. ఒక ముసలామె వచ్చి బాణలి కింద కట్టెలు లాగేసింది. మూడు డబ్బాలూ ఊరి బయట గుంట తీసి పారబోశారు. పూరీల పిండి మళ్ళీ పిసికి పెనం మీద వట్టిగా కాల్చి పెట్టారు. నాకూ ఒకటి పెట్టారు. తినలేకపోయాను.

కోడుమూరు అంగట్లో డబ్బాలు రెండూ అధికారులు తీసుకుపోయారు. ఒకటి అప్పటికే సగానికి పైగా అమ్ముడుపోయింది. తిన్నవాళ్ళ ఇళ్ళకు పోయి కాళ్ళు చూసి వస్తున్నాను. ఇద్దరికి వాపు ఉంది, ఆసుపత్రికి పంపాను. ఊళ్ళో నాకు నిప్పు కూడా ఇవ్వడం లేదు. ఈరక్క మాత్రం గోడ మీద నుంచి ఇస్తుంది.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు, అందుకే అడగను. నువ్వు పిలిస్తే వస్తాను. పిలవకపోతే ఈడే ఉంటాను, పని ఇంకా ఉంది.

నీకు మూడు, అంగట్లో రెండు, ఓర్వకల్లుకు మూడు. ఎనిమిది. తొమ్మిదో డబ్బాను ఆషాఢంలో ఒక సంత రోజున బండి మీద వచ్చిన మనిషి కొనుక్కుపోయాడట. ఎర్ర రుమాలు, ఒంటి కొమ్ము ఎద్దు. అంతకుమించి మీ బావకు గుర్తు లేదు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ప్రతి సంతకూ తెల్లవారకముందే పోయి దారి మొగలో నిలబడుతున్నాను. వచ్చిన ప్రతి బండి ఎద్దు కొమ్ములు చూస్తున్నాను. నిన్నటికి మూడు సంతలు. ఆ బండి ఇంకా రాలేదు.

హులిగెమ్మ.